సాయంత్రం నాలుగు తర్వాత గది తలుపు వేసుకోకండి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు ఇరవై నాలుగు. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. ఎమ్మెస్సీ ఫిజిక్స్, బీఈడీ పూర్తిచేసి ఒంగోలులో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడాది పనిచేశాను. ఆ జీతంతో నా చదువు కోసం నాన్నగారు చేసిన అప్పు తీరదని అర్థమై, ఏజెన్సీ ద్వారా మాల్దీవుల్లో టీచరు ఉద్యోగానికి వచ్చాను. ఉత్తరాన ఒక చిన్న దీవి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నడిస్తే పావుగంట పట్టదు. వచ్చి ఐదు నెలలైంది. ఉదయం ఏడింటికల్లా బడిలో ఉంటాను. క్లాసులో ప్రశ్న అడిగితే ఒక్కరూ నోరు తెరవరు. మొన్న గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు లెక్క చెప్పినా ఎవరూ పలకలేదు. నేను బోర్డు వైపు తిరగగానే వాళ్ల దివేహీ భాషలో గుసగుసలు, నవ్వులు. నాకేదో పేరు పెట్టారని తెలుస్తూనే ఉంది. స్టాఫ్‌రూములో సగం మంది, నా గదిలో ఉండే అక్కతో సహా, కేరళవాళ్లు. వాళ్లు మలయాళంలోనే మాట్లాడుకుంటారు. నేను గుడ్డు తింటాను గాని చేప ముట్టను, ఇక్కడ ఎటు చూసినా చేపే, అందుకే నూడుల్సుతో సరిపెట్టుకుంటున్నాను. మధ్యాహ్నం రెండింటికి గదికి వచ్చి తలుపేసుకుంటాను. అమ్మ రోజుకు మూడుసార్లు ఫోను చేస్తుంది. రాత్రి తొమ్మిదింటికి అందరితో వీడియో కాల్ మాట్లాడి పడుకుంటాను. అనుకున్నంత డబ్బు ఇంటికి పంపలేకపోతున్నాను. సముద్రం ఒడ్డున నవ్వుతూ దిగిన ఫొటోలు స్టేటస్‌లో పెడతాను కాబట్టి ఊళ్లో అందరూ నేను స్వర్గంలో ఉన్నానని అనుకుంటున్నారు. కాంట్రాక్టు రెండేళ్లు. తెంచుకుని వచ్చేయనా? వస్తే ఓడిపోయి వచ్చినట్టవుతుందా?

సమాధానం: అమ్మా, ముందు జవాబు చెప్పి, తర్వాత కారణాలు చెబుతాను. ఇప్పుడే రావద్దు. నడుస్తున్న విద్యా సంవత్సరం ముగిసేదాకా ఉండి, అప్పుడు నిర్ణయించుకోండి. మిమ్మల్ని ఓర్చుకోమని చెప్పడానికి నేనీ మాట అనడం లేదు. మీ ఉత్తరం చదివితే నాకు తోచినదేమిటంటే, ఈ ఐదు నెలల్లో మీరు ఆ దీవిలో ఉద్యోగం చేశారు గాని కాపురం ఉండలేదు. బడిలో గడిచే పొద్దు గురించి పూసగుచ్చినట్టు రాశారు, రాత్రి తొమ్మిదింటి ఫోను గురించి రాశారు, ఆ మధ్యనున్న ఏడు గంటలను మాత్రం తలుపేసుకుంటానన్న ఒక్క ముక్కతో దాటేశారు. మీ ఇబ్బందుల్లో సగానికి పైగా ఆ ఏడు గంటల్లోనే పుడుతున్నాయని నా అభిప్రాయం. నేను కూడా ఆ దేశంలో కొన్నేళ్లు పాఠాలు చెప్పినదాన్నే కాబట్టి, ఆ వేళలో గది బయట ఊరు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మధ్యాహ్నం ఎండలో ఆ దీవుల వీధుల్లో మనిషి కనిపించడు. మీరు రెండింటికి గదికి చేరేటప్పుడు చూసేది ఆ నిర్మానుష్యమైన ఊరినే, అందుకే అది మీకు చచ్చిన ఊరిలా అనిపించి ఉండవచ్చు. నాలుగు దాటితే సంగతి వేరు. ప్రతి ఇంటి నుంచీ, ప్రతి హోటలు నుంచీ నూనెలో ఏవో వేగుతున్న వాసన వస్తుంది. హెదికా అని వాళ్లు పిలుచుకునే ఆ సాయంకాలపు చిరుతిళ్లు, పక్కన నల్లటి టీ లేకుండా అక్కడ పొద్దు కుంకదు. ఇళ్ల ముందు, చెట్ల కింద, ఇనప చట్రానికి తాళ్లు అల్లి కట్టిన జోలి కుర్చీలు వరసగా ఉంటాయి. ఆడవాళ్లు వాటిలో కూర్చుని దారిన పోయే ప్రతి మనిషినీ పలకరిస్తుంటారు. మగపిల్లలు ఫుట్‌బాల్ మైదానానికి పోతారు. ఆడవాళ్లు వాలీబాల్ ఆడతారు, కొన్ని దీవుల్లో బషి ఆడతారు. టెన్నిస్ రాకెట్టుతో ఒకామె అవతలి జట్టుకు వీపు పెట్టి నిలబడి బంతిని తల మీదుగా వెనక్కి కొడితే, అవతలివాళ్లు దాన్ని పట్టుకోవాలి. చూడటానికి తేలికగా ఉంటుంది గాని ఆ బంతి చేతికి తగిలితే తెలుస్తుంది ఎంత నొప్పో. రేవులో చేపల వేటకు వెళ్లిన దోనీలు తిరిగి వచ్చే వేళ కూడా అదే. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడవునా ఆరింటికి అటూ ఇటూగా చీకటి పడుతుంది. అంటే ఊరు ఊరుగా ఉండేది ఆ రెండు గంటలే, సరిగ్గా ఆ రెండు గంటలే మీరు గదిలో ఫోను పట్టుకుని పడుకుంటున్నారు.

కాబట్టి మొదట చేయవలసిన పని ఇది. రోజూ నాలుగున్నరకు బయటికి రండి. ఒంటరిగా సముద్రం ఒడ్డుకు వెళ్లి కూర్చోవడం కాదు నేను చెప్పేది. అది గదిలో ఉండటం కన్నా ఎక్కువ దిగులు పుట్టిస్తుంది. ఇళ్ల మధ్య నుంచి నడవండి. ఆ ఊళ్లో మీరెవరో తెలియని మనిషి లేడు, మీరు ఫలానా పిల్లల ఫిజిక్స్ టీచరని అందరికీ తెలుసు, పలకరించడానికి వాళ్లు సిద్ధంగానే ఉంటారు గాని, మీరు తల వంచుకుని పోతుంటే మీకు ఇష్టం లేదనుకుంటారు. సలాం చెప్పండి, కిహినే (ఎలా ఉన్నారు) అని అడగండి, షుకురియ్యా (థాంక్స్) అనండి. రెండో వారంలో ఎవరో ఒకరు జోలిలో జరిగి చోటు చూపిస్తారు, అప్పుడు తప్పకుండా కూర్చోండి. మీ విద్యార్థుల్లో ఒకరి తల్లి అయితే మరీ మంచిది. పది ఇళ్లతో పైపై పరిచయం కన్నా ఒక్క ఇంటితో చనువు మీకు ఎక్కువ పనికివస్తుంది, ఎందుకంటే ఆ ఇంటావిడ చెల్లెలు మంత్రసాని కావచ్చు, ఆవిడ అన్న స్పీడుబోటు నడిపేవాడు కావచ్చు, ఆవిడ వదిన మీ బడిలోనే ఆఫీసులో పనిచేస్తుండవచ్చు. ఆ దీవుల్లో అందరూ అందరికీ ఏదో ఒక వరస అవుతారు, అచ్చం మన పల్లెల్లో లాగే. ఈదు పండుగకు పిలుస్తారు, వెళ్లండి.

మీరు చేప తినరు కాబట్టి ఒక జాగ్రత్త. హెదికాలో చాలావాటిలో చేప ఉంటుంది. గుండ్రంగా బూరెలా కనిపించే గుల్హా లోపల కూరేది కొబ్బరీ, ట్యూనా చేపే. కూరగాయల కూర అని పెట్టినదాంట్లో కూడా పొగబెట్టి ఎండించిన చేప ముక్కలు ఉండవచ్చు. మొహమాటపడి నోట్లో పెట్టుకుని ఇబ్బంది పడే కన్నా, మొదటి రోజే మా ఇంట్లో చేప తినే అలవాటు లేదండీ అని చెప్పేయండి. ఎవరూ ఏమీ అనుకోరు, నవ్వుతారు, ఆ తర్వాత మీ కోసం కొబ్బరీ చక్కెరా పెట్టి చుట్టినవి విడిగా చేస్తారు.

ఇక క్లాసు సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది ఇదే, ఎందుకంటే రోజులో ఏడు గంటలు తల దించుకుని గడిపిన మనిషికి సాయంత్రం బయటికి రావాలని ఎలా అనిపిస్తుంది? పిల్లలు మాట్లాడకపోవడానికి కారణం మీమీద అగౌరవం అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. అక్కడ ఇస్లాం, దివేహీ తప్ప మిగిలిన పాఠాలన్నీ ఇంగ్లీషులో నడుస్తాయి, ఆ పద్ధతి 1960ల మొదట్లో రాజధాని మాలేలో మొదలై క్రమంగా దీవులకు వచ్చింది. బడి దాటితే చిన్న దీవిలో పిల్లవాడికి ఇంగ్లీషుతో పని లేదు. తోటివాళ్ల ముందు తప్పు మాట్లాడితే సాయంత్రానికి ఆ మాట ఫుట్‌బాల్ మైదానం దాకా పోతుంది. దానికి తోడు మన తెలుగువాళ్ల ఇంగ్లీషు, నాతో సహా, కాస్త వేగంగా పోతుంది. మన ఇంటర్మీడియట్ కాలేజీల్లో అలవాటైన వేగం అది, గంటలో పాఠం ముగించి నోట్సు చెప్పేసే వేగం. వాళ్లకు అది అందదు.

అందుకని ప్రశ్న అడిగాక వెంటనే జవాబు కోసం చూడకండి. రెండు నిమిషాలు పక్కవాడితో దివేహీలో మాట్లాడుకోమని మీరే అనుమతి ఇవ్వండి, ఆ తర్వాత ఇద్దరిలో ఒకరు ఇంగ్లీషులో చెప్పాలి అనండి. గుసగుసలను ఆపడానికి ప్రయత్నించి అలసిపోయే కన్నా, వాటిలో సగాన్ని పాఠం పనికి వాడుకోవడం మేలు. మీకు ఏదో పేరు పెట్టారన్నారు. మీ ఊళ్లో హైస్కూలు మాస్టార్లకు మీరు పెట్టిన పేర్లు గుర్తు తెచ్చుకుంటే ఆ విషయం అక్కడితో పోతుంది. అది మరీ మితిమీరిందనిపిస్తే, స్థానిక టీచరు ఒకామెను పక్కకు పిలిచి, ఆ మాటకు అర్థం ఏమిటో, పట్టించుకోవలసినదో కాదో అడగండి. కోపంతో చెయ్యి మాత్రం ఎత్తవద్దు. మన దగ్గర ఇంకా చూసీ చూడనట్టు పోయే ఒక చెంపదెబ్బ అక్కడ మీ ఉద్యోగానికే ఎసరు పెడుతుంది, అలా పెట్టడం న్యాయం కూడా.

అంతకన్నా పెద్ద మార్పు ఉదాహరణల్లో రావాలి. మీరు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే రైలు లెక్క చెప్పారని, ఎవరూ పలకలేదని రాశారు. ఆ దేశంలో రైలు లేదు, కొండ లేదు, నది లేదు. మీ క్లాసులో చాలామంది పిల్లలు ఇవేవీ కంటితో చూసి ఉండరు. దేశం మొత్తంలో సహజంగా ఏర్పడిన నేల ఎక్కడా సముద్ర మట్టానికి రెండున్నర మీటర్లు దాటదు, వాళ్లకు వాలు తలం గురించి కొండ దారి బొమ్మ వేసి చెబితే ఏం అర్థమవుతుంది? అదే రెండు దీవుల మధ్య పాయలో ప్రవాహానికి అడ్డంగా పోయే ఫెర్రీని తీసుకుని సాపేక్ష వేగం చెప్పి చూడండి. పడవ ముక్కు ఎటు పెడితే రేవుకు సరిగ్గా చేరుతుందో మీకన్నా వాళ్లకే బాగా తెలుసు, వాళ్ల నాన్నలు రోజూ చేసే పని అది.

ద్రవ పీడనం పాఠం ఇంకా రాకపోతే, అది ఎలా మొదలుపెట్టవచ్చో చెబుతాను. నిర్వచనం రాయకండి. మునిగి అడుగు దాకా వెళ్లినప్పుడు చెవి నొప్పి పుట్టినవాళ్లు చేతులెత్తండి అని అడగండి. దాదాపు అందరి చేతులూ లేస్తాయి. నొప్పి పుట్టినప్పుడు ఏం చేస్తారని అడిగితే, ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి ఊదుతామని ఎవడో వెనక బెంచీలోంచి చేసి చూపిస్తాడు. చిన్న మడుగులో పుట్టే నొప్పికీ, పగడపు దిబ్బ దాటిన తర్వాత లోతు నీళ్లలో పుట్టే నొప్పికీ తేడా ఉందా అని అడగండి. లోతు పెరిగితే నొప్పి పెరుగుతుందని వాళ్లే చెబుతారు. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనమంత భారం అదనంగా చేరుతుందన్న మాట అప్పుడు బోర్డు మీద రాస్తే, ఆ అంకె వాళ్ల చెవుల్లో ముందే ఉంది కాబట్టి మరిచిపోరు. సూత్రం అప్పుడు రాయండి. సముద్రపు నీటి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1,025 కిలోగ్రాములు, మంచినీటిది 1,000. మీ దీవిలో ఉప్పునీటిని తాగునీరుగా మార్చే ప్లాంటు ఉంటే దాన్ని పిల్లలతో కలిసి ఒకసారి చూసి రండి, సాంద్రత పాఠం సగం అక్కడే అయిపోతుంది.

పరీక్షల గురించి కూడా ఒక మాట. పదో తరగతి పిల్లలు రాసేది బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి సంస్థ పెట్టే పరీక్ష. అందులో ‘చెప్పండి’ అంటే ఒక వాక్యం, ‘వివరించండి’ అంటే కారణంతో సహా చెప్పాలి, మూల్యాంకన పత్రంలో ఏ ముక్కకు ఎన్ని మార్కులో విడివిడిగా ఉంటుంది. మన పద్ధతిలో పేజీన్నర రాసిన పిల్లవాడికి అక్కడ ఒక్క మార్కు రావచ్చు. పాత ప్రశ్నపత్రాలు, వాటి మార్కుల పట్టికలు తీసి మీరే కూర్చుని జవాబులు రాసి దిద్దుకోండి. నెల రోజుల్లో మీకు పట్టు దొరుకుతుంది. నిజానికి కొత్త టీచరుకు అక్కడ గౌరవం వచ్చేది ఇలాగే. ఈ మేడమ్ చెబితే మార్కులు వస్తాయన్న మాట ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకితే మీకు పెట్టిన పేరు కూడా మారుతుంది.

వీలైతే దివేహీ భాషను రాసే తాన లిపి నేర్చుకోండి. కుడి నుంచి ఎడమకు రాస్తారు, అక్షరాలు 24, గుణింతాల లాగా అచ్చు గుర్తులు పైనా కిందా పెడతారు కాబట్టి మనవాళ్లకు కష్టం కాదు. మీరు సైన్సు మనిషి కాబట్టి మీకు నచ్చే సంగతి ఒకటుంది: ఆ లిపిలో మొదటి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెల నుంచి, ఆ తర్వాతి తొమ్మిది అక్కడి పాత అంకెల నుంచి వచ్చాయి. బోర్డు మీద ఒక పిల్లవాడి పేరు తానలో తప్పుగానైనా రాసి చూడండి, క్లాసంతా మిమ్మల్ని దిద్దడానికి లేచి నిలబడుతుంది.

స్టాఫ్‌రూములో మలయాళం గురించి మీ బాధ నాకు అర్థమైంది. మాల్దీవుల్లో భారతీయ టీచర్లంటే కేరళవాళ్లూ తమిళులూ ఎక్కువ, తెలుగువాళ్లం తక్కువ. తిరువనంతపురం నుంచి మాలేకు విమానంలో గంటన్నర కూడా పట్టదు. వాళ్ల అన్నలూ, వదినలూ, మేనత్తలూ ఇరవై ముప్పై ఏళ్లుగా అక్కడికి వచ్చి పోతున్నారు. వాళ్లకది పొరుగూరు, మీకు పరదేశం. వాళ్లు మలయాళంలో మాట్లాడుకోవడం మిమ్మల్ని దూరం పెట్టడానికి కాదు, అలసిపోయిన మనిషి సొంత భాషలో కూర్చుంటాడు, అంతే. మీ గదిలో ఉన్న అక్కకు ఒక ప్రతిపాదన పెట్టండి. వారంలో కొన్ని రోజులు ఆమె వంట, కొన్ని రోజులు మీ వంట. చేప వండే రోజు గిన్నెలు వేరు. ఆమెకు పప్పుచారు అలవాటు చేయండి, ఆమె అవియల్ మీరు తినండి. బియ్యం, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, గుడ్లు అక్కడ దొరుకుతాయి. 1981లో కుదిరిన వాణిజ్య ఒప్పందం ప్రకారం మన దేశం నుంచే అవి చాలా మటుకు పోతాయి. ఎర్ర కందిపప్పు, కొబ్బరి, గుమ్మడి, వంకాయ, మునగాకు, బొప్పాయి సరిపడా ఉంటాయి. సులువుగా దొరకనివి ఏవైనా ఉంటే, మన కారమూ, ఇంగువా లాంటివి, వచ్చే సెలవుల్లో ఎవరు ఇంటికి వెళ్తుంటే వాళ్లతో తెప్పించుకోండి. నూడుల్సు మీద బతకడం మానండి. మీ దిగులులో కొంత భాగం, మీరు నమ్మినా నమ్మకపోయినా, పస్తులది.

అయితే భారతీయ టీచర్ల గుంపులోనే మీ జీవితమంతా పెట్టుకోవద్దు. వాళ్లలో చాలామంది కాంట్రాక్టు ముగియగానే వెళ్లిపోతారు, ఏటా ఎవరో ఒకరిని రేవు దాకా వెళ్లి సాగనంపాలి. ఊళ్లోవాళ్లు మాత్రం ఉంటారు.

కట్టూబొట్టూ విషయంలో మీరు జాగ్రత్తగానే ఉన్నారనుకుంటాను. చేతులు, కాళ్లు కప్పే దుస్తులు, పొడుగు కుర్తాలు సరిపోతాయి, సముద్రంలో దిగినా నిండుగా దుస్తులతోనే దిగాలి. అక్కడ ఇతర మతాల బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు, పూజా విగ్రహాలు దేశంలోకి తీసుకురావడం నిషేధం. పండుగ నాడు మీ మనసులో మీరు దండం పెట్టుకుని, పులిహోర చేసుకుని నలుగురికీ పంచితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మతం మీద వాదనకు మాత్రం ఎవరితోనూ, సరదాకైనా దిగవద్దు. రంజాను నెలలో బడి వేళలు మారతాయి, పగటిపూట బయట తినకూడదు, తాగకూడదు. మీ గదిలో తినవచ్చు. ఆ నెలలో సాయంత్రాలు అన్నిటికన్నా సందడిగా ఉంటాయి, ఉపవాసం విడిచే వేళకు ఎవరైనా పిలిస్తే వెళ్లండి.

డబ్బు విషయం కాస్త కటువుగా చెప్పాలి. మీ జీతం అక్కడి డబ్బు రుఫియాల్లో వస్తుంది, ఇంటికి పంపాలంటే అది డాలరు కావాలి, ఆ దేశంలో డాలర్లకు కరువు. అధికారికంగా డాలరుకు 15.42 రుఫియాలకు మించదు గాని, ఆ ధరకు బ్యాంకులో అడిగినన్ని డాలర్లు ఇవ్వరు. విదేశీ ఉద్యోగి నెలకు ఇంతే పంపవచ్చని బ్యాంకులు పరిమితి పెడతాయి, ఆ పరిమితిని మారుస్తూ ఉంటాయి. మన స్టేట్ బ్యాంకు 1974 నుంచి మాలేలో ఉంది, అక్కడ కూడా ఇదే పరిస్థితి. ఏజెన్సీవాళ్లు మీకు జీతాన్ని రూపాయల్లో లెక్కగట్టి చెప్పి ఉంటారు, ఈ ముక్క చెప్పి ఉండరు. కాబట్టి మీ నాన్నగారితో ఒకసారి కూర్చుని, నెలకు ఎంత పంపగలరో, ఎంత అక్కడే ఖాతాలో మిగులుతుందో, సెలవులకు వచ్చేటప్పుడు ఎంత తేగలరో నిజాయితీగా కాగితం మీద వేయండి. అప్పు ఇచ్చినవాళ్లతో గడువు మాట్లాడుకోవడానికి ఆ కాగితం పనికివస్తుంది. ఇక్కడ రుఫియాలు ఇవ్వండి, అక్కడ మీ నాన్నకు రూపాయలు ఇప్పిస్తాను అనే మధ్యవర్తులు ప్రతి దీవిలో ఒకరుంటారు. వాళ్ల జోలికి పోకండి. డబ్బు పోతే ఫిర్యాదు చేయడానికి కూడా మీకు మొహం ఉండదు, ఎందుకంటే ఆ పద్ధతి చట్టవిరుద్ధం.

అమ్మ ఫోను గురించి. రోజుకు మూడుసార్లు తిన్నావా అని అడగడం ఆవిడ ప్రేమ, దాన్ని తగ్గించమని చెప్పడం కష్టం. అయినా చెప్పండి. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా బయట ఉంటాను, ఫోను తీయను, అంటే మీకు అక్కడ ఐదు నుంచి ఏడు దాకా, కంగారు పడవద్దు అని ముందుగా చెప్పి ఆ మాట మీద నిలబడండి. మొదటి వారం ఏడుస్తుంది. రాత్రి కాల్‌లో మాత్రం తిన్నాను, బాగున్నాను అన్న రెండు మాటలతో సరిపెట్టకండి. జోలిలో కూర్చున్నావిడ ఏం అన్నదో, వెనక బెంచీవాడు చెవిలో గాలి ఊది ఎలా చూపించాడో చెప్పండి. మీ అమ్మగారికి అప్పటిదాకా లేని ధైర్యం వస్తుంది, ఎందుకంటే ఆవిడ భయం మీరు తినలేదని కాదు, అక్కడ మీకంటూ ఎవరూ లేరని. స్టేటస్‌లో ఫొటోలు పెట్టడం కూడా కొన్నాళ్లు మానండి. మాల్దీవులు అనగానే మనవాళ్లకు నీళ్ల మీద కుటీరాలు, కొత్త దంపతులు కనిపిస్తారు. సుమారు 1,200 దీవుల్లో స్థానికులు ఊళ్లు కట్టుకుని ఉండేవి రెండు వందల లోపేననీ, రిసార్టులుండే దీవులు వేరనీ వాళ్లకు తెలియదు. వాళ్ల ఊహకు తగిన ఫొటోలు మీరే పంపుతూ, నా కష్టం ఎవరికీ తెలియదు అనుకోవడం సబబు కాదు. పెట్టాలనిపిస్తే మీ తరగతి గది బోర్డు ఫొటో పెట్టండి, పిల్లల ముఖాలు లేకుండా.

ఒక్క విషయంలో ఆలస్యం చేయవద్దు. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఉదయం లేవాలంటే భయం వేయడం వారాల తరబడి ఉంటే అది ఇంటి బెంగ దాటిన సంగతి. దీవిలో ఆరోగ్య కేంద్రం ఉంటుంది, అక్కడ కాకపోతే అటోల్ (మీ దీవుల సముదాయపు) ఆసుపత్రికి, మాలేలో ఇందిరా గాంధీ మెమోరియల్ ఆసుపత్రికి పంపిస్తారు. డాక్టరుకు చూపించుకోండి, ప్రిన్సిపాలుకు చెప్పండి. నైరుతి రుతుపవనాల నెలల్లో సముద్రం అల్లకల్లోలంగా ఉండి పడవలు ఆగిపోయే రోజులుంటాయి కాబట్టి, వెళ్లవలసి వస్తుందనిపిస్తే వాతావరణం బాగున్నప్పుడే వెళ్లండి.

ఇక కాంట్రాక్టు. విద్యా సంవత్సరం చివరి దాకా ఉండమన్నది రెండు కారణాలతో. ఒకటి, నేను చెప్పిన సాయంత్రాలు గడిపి చూడకుండా మీరు తీసుకునే నిర్ణయం ఆ దీవి మీద కాదు, ఆ గది మీద తీసుకున్నదవుతుంది. రెండోది, పదో తరగతి పిల్లలకు పరీక్ష ముందు ఫిజిక్స్ టీచరు వెళ్లిపోతే, బయటి నుంచి మరొకరు వచ్చేసరికి వాళ్ల కాలం గడిచిపోతుంది. చిన్న దీవిలో ఆ సబ్జెక్టుకు మీరు కాక ఇంకో మనిషి ఉండకపోవచ్చు. అప్పటికీ ఉండలేననిపిస్తే రండి. అది ఓటమి ఎలా అవుతుంది? ఏడాది విదేశంలో కేంబ్రిడ్జి సిలబసు చెప్పిన ఫిజిక్స్ టీచరుకు హైదరాబాదులోనూ, బెంగళూరులోనూ ఇంటర్నేషనల్ స్కూళ్లలో మీరు ఒంగోలులో తీసుకున్నదానికన్నా మెరుగైన జీతం దొరికే అవకాశం ఉంది, పనిచేసినట్టు ప్రిన్సిపాలు సంతకంతో కాగితం ఉంటే.

అందుకే చెప్పకుండా సెలవులకని వచ్చి ఆగిపోవడం మాత్రం చేయకండి. చాలామంది చేస్తారు, తర్వాత అనుభవ ధ్రువపత్రం లేక, రావలసిన బకాయి రాక ఇబ్బంది పడతారు. ఈ వారమే కాంట్రాక్టు తీసి, ముందుగా ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో, మధ్యలో మానేస్తే తిరుగు టికెట్టు ఎవరు భరించాలో, ఏజెన్సీకి ఏమైనా కట్టాలని ఎక్కడైనా సంతకం పెట్టారో చదవండి. ఆ దేశపు ఉద్యోగ చట్టం 2008 నాటిది, ఇంగ్లీషు అనువాదం దొరుకుతుంది, నోటీసుకు సంబంధించిన భాగం అందులోనూ చూడండి. మీ పాస్‌పోర్టు మీ దగ్గరే ఉందో లేదో రాయలేదు. అది భారత ప్రభుత్వ ఆస్తి, మరెవరి బీరువాలోనో ఉంటే ఇప్పుడే మర్యాదగా అడిగి తీసుకోండి, వాళ్లకు జిరాక్సు కాపీ చాలు. ఇవ్వకుండా సాగదీస్తే మాలేలోని భారత హైకమిషన్‌కు ఈమెయిల్ రాయండి. మానేయాలని తేలితే రాజీనామా కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు రెండో ప్రతి మీద సంతకం చేయించుకుని, వర్క్ పర్మిట్ రద్దయిన కాగితం చేతికి వచ్చాకే టికెట్టు కొనండి.